అక్షశాలనుండి అనుమతిపత్రము దాఁక

మన వృత్తికి రాజశాసనము క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సువర్ణాధ్యక్షుఁడును, ఏకద్వారమైన అక్షశాలయుఁ జెప్పఁబడినవి. నియుక్తులు కానివారికి అందుఁ బ్రవేశము లేదు. అగసాలె యను మన పేరు ఆ యక్షశాలనుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు.

పలనాటి స్వర్ణకారునకో, ఇంటి పంచయే యక్షశాల. నరసరావుపేట, మాచర్ల, గురజాలలయందుఁ గుంపటియు, దాగలియు, త్రాసును ఉన్న తావే కర్మాగారము. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణనియంత్రణ నిబంధనలు ఆ పంచమీఁదఁ బిడుగువలెఁ బడినవి. చైనా యుద్ధానంతరము దొంగబంగారము నరికట్టఁదలఁచి, క్రొత్త నగ 14 క్యారట్లకు మించరాదనిరి. 22 క్యారట్ల మంగళసూత్రమునకు అలవడిన గృహస్థులు వెనుదీసిరి. దేశమంతటఁ బెక్కురు స్వర్ణకారులు వృత్తిహీనులైరి. 1966లో ఆ మితి తొలఁగెను. కాని 1968 నాఁటి చట్టము స్వర్ణకారునకు ధ్రువపత్రమును, వర్తకునకు లైసెన్సును విధించెను.

ఒక ప్రాంతమున వర్తకు లెందఱో, గిరాకి యెంతో చూచి లైసెన్సు నీయవలెనను షరతులను 1969లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. ప్రాంతమన నెంతమేరయో చట్టము చెప్పనేలేదు! 1990లో ఆ చట్టమే రద్దయ్యెను.

మేలిమిని బరీక్షించు శాసనమును మనము శిరసావహింతము. కుంపటి రాజేయుటకే యనుమతి నడుగు శాసనమును బ్రతిఘటింతము. 2021 జూన్ 16న 256 జిల్లాలలో మొదలైన హాల్‌మార్కు నిర్బంధము మొదటి తెగకుఁ జెందినది. సాలునకు 40 లక్షల రూపాయలలోపు వ్యాపారమునకు మినహాయింపు గలదు. దీని నెఱుఁగక యే సోదరుఁడును భయపడి వృత్తి విడువరాదు. లెక్కలు వ్రాయుటయు, నిబంధనలు చదువుటయు నేర్పు నొకనిని సంఘము ప్రతి మండలమున నిలిపినచో దాతల ధనము సార్థకమగునని మా మనవి.