పూర్వపు టింగ్లీషు గ్రంథములు: శబ్దార్థనిర్ణయము

తెలియని మాట చదువరిని మోసపుచ్చదు. నిఘంటువును జూడుమని హెచ్చరించును. తెలిసినదని తోచు మాటయే మోసపుచ్చును. పూర్వపు టింగ్లీషు గ్రంథములు చదువు విద్యార్థులకు మేము మొదట చెప్పునది యిదియే.

ఇంగ్లండున జేమ్సు రాజు పాలనలో 1611లో వెలువడిన బైబిలు ననువాదమును జూడుడు. లేవీయకాండమున “మీట్” నైవేద్య మొకటి చెప్పబడినది. మీట్ అనగా మాంసమని నేటి బాలుడు తడుముకొనక చెప్పును. కాని యా నైవేద్యమునకు విధింపబడినవి మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి. మాంసము పేరైన లేదు. నాడు మీట్ అనగా సామాన్యముగా నాహార మని యా ద్రవ్యములే తెలుపుచున్నవి.

“లెట్” అను మాట యింతకంటె చిక్కైనది. మీయొద్దకు రావలెనని పలుమార్లు సంకల్పించితిననియు, ఇంతవరకు “లెట్” చేయబడితిననియు రోములోని క్రైస్తవులకు పౌలు వ్రాసినట్లు ఆ యనువాదమున నున్నది. అనుమతింపబడితి నన్నచో వాక్యము పొసగదు. అట్లయిన నాతడు వచ్చియే యుండును గదా. అడ్డగింపబడితి నన్నప్పుడే పొసగును. ప్రాచీనకాలమున వేర్వేఱుగా నుండిన రెండు క్రియలు, విడుచుట యొకదాని యర్థము, అడ్డగించుట రెండవదాని యర్థము, క్రమముగా నొకే రూపమును బొందుటచే నీ చిక్కు కలిగెను. అందుచేతనే 1881లో క్రొత్తనిబంధనమును సవరించినవా రిచ్చట “లెట్” తొలగించి స్పష్టమైన మాట నుంచిరి. 1885లో వెలువడిన పాతనిబంధనపు సవరణలో “మీట్” నైవేద్యము పిండినైవేద్యముగా మాఱెను.

అయినను ఒక్కచోట తోచిన యర్థము ఊహమాత్రమే. దానిని మఱి నాలుగు ప్రయోగములతో సరిచూడవలెను. సామ్యుయేల్ జాన్సను 1755 నాటి తన నిఘంటువున గ్రంథకర్తల వాక్యముల నుదాహరించెను. లండను భాషాశాస్త్రసంఘమువారు 1857లో నారంభించిన కృషి యా మార్గమును మిక్కిలి విస్తరింపజేసెను. సంపాదకుడు జేమ్సు మఱ్ఱే 1879లో సాయము కోరగా, పండితులేగాక సామాన్య గృహస్థులును స్త్రీలును పాతపుస్తకములు చదివి, ప్రయోగములను చీటీలపై వ్రాసి పంపిరి. అట్లు 1884లో మొదటి భాగమును, 1928లో కడపటి భాగమును వెలువడి, నేడు ఆక్స్‌ఫర్డు పేర ప్రసిద్ధమైన యా మహానిఘంటువు ప్రథమముద్రణమున 18 లక్షలకు పైగా నుదాహరణములు గలవు.

ఈ మార్గము మనకు క్రొత్తది గాదు. సైంధవము తెమ్మన్నచో భోజనవేళ నుప్పనియు, ప్రయాణవేళ గుఱ్ఱమనియు గ్రహింపవలెనని మన శాస్త్రజ్ఞులు చెప్పుచుండిరి. నేడు దుర్గంధమును దెలుపు “కంపు” పూర్వకావ్యములలో పరిమళమునకును జెల్లినది.

ఒక మాటకు ఒక యర్థమని బాలురచే వల్లెవేయించుట యిందువలననే చాలదు. ఇది పాఠశాలతో ముగియు విషయమును గాదు. పాతగ్రంథమును బ్రమాణముగా జూపి యొరులను శాసింపబూనువారు, ఆ మాటకు నాడు గల యర్థ మేమో ముందుగా విచారింపవలదా?