లంఖణం, వ్యాయామం, జీవననాణ్యత: కార్వేటినగరం సీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి ‘లంఖణం’ అనగానే పస్తుండడమే స్ఫురిస్తుంది. ‘లంఖణం పరమౌషధం’ అనే నానుడిని కూడా ఆ అర్థంలోనే వాడుతున్నారు. అయితే దీనికి మూలమైన ‘లంఘనం’ ఆయుర్వేదంలో విస్తృతార్థం గల పారిభాషిక పదం. శరీరానికి తేలికదనాన్ని కలిగించే ప్రక్రియలన్నీ లంఘనాలే. చరకసంహిత పేర్కొన్న పది లంఘనాల్లో ఉపవాసం ఒకటి, వ్యాయామం మరొకటి. ఈ రెండింటి ద్వారా బరువు తగ్గడం జీవననాణ్యతను ఎప్పుడు పెంచుతుందో, ఎప్పుడు హరిస్తుందో కార్వేటినగరం సీమ చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చరకుని దృష్టిలో స్థౌల్యం:

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుణ్ణీ, అతికృశుణ్ణీ ఇద్దరినీ నిందితుల్లో చేర్చింది. అతిస్థౌల్యానికి ఎనిమిది దోషాలు చెప్పింది. అవి: ఆయుఃక్షీణత, చలనమాంద్యం, దాంపత్యసుఖానికి ఆటంకం, దౌర్బల్యం, దుర్గంధం, అతిగా చెమట పట్టడం, అతి ఆకలి, అతి దాహం. వీటిలో మొదటిదే ఆయుఃపరిమాణానికి సంబంధించింది. మిగిలిన ఏడూ మనిషి నిత్యజీవితానికి సంబంధించినవి. నేటి పరిభాషలో ఇవి జీవననాణ్యతా సూచికలు. చికిత్సలో భాగంగా చెప్పిన ఆహారంలో అరికెలు, ఉలవలు, పెసలు ఉన్నాయి. రాయలసీమ మెట్టపొలాలకు ఇవి కొత్తవి కావు.

3. ధాత కరువు చెప్పే పాఠం:

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు కార్వేటినగరం జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1876-78 నాటి మహాక్షామానికి గురైన జిల్లాల్లో అదీ ఒకటి. తెలుగునాట ఆ క్షామం ధాత కరువుగా నిలిచిపోయింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లోని పురుషుడి దినభత్యాన్ని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికీ, కొద్దిపాటి డబ్బుకూ కుదించాడు. శ్రమ మాత్రం తగ్గలేదు. పనిచేసే దేహానికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మితాహారం, శరీరశ్రమ అనే రెండూ అక్కడా ఉన్నాయి. దేహాలూ చిక్కిపోయాయి. కాని అది లంఘనం కాదు, క్షయం. చరకుడు అతికార్శ్యాన్ని సైతం ఎందుకు నిందించాడో ఆ కరువు నిరూపించింది.

4. ఆధునిక పరిశోధన:

అమెరికాలో టైప్-2 మధుమేహం, అధిక బరువు గల 5,145 మందిపై ‘లుక్ అహెడ్’ అధ్యయనం జరిగింది. ఆహారనియమం, వ్యాయామం పాటించిన వర్గం తొలి ఏడాదిలో సగటున 8.6 శాతం బరువు తగ్గింది. అయినా గుండెపోటు, పక్షవాతం వంటివి చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2013లో వెలువడిన ఫలితాలు తెలిపాయి. కాని నడక, మెట్లెక్కడం వంటి పనుల్లో శక్తి సన్నగిల్లే ముప్పు ఆ వర్గంలో తక్కువని 2012లోనే వెల్లడైంది. అంటే ముందుగా అందిన ఫలం చరకుడు రెండవదిగా పేర్కొన్న చలనమాంద్యం తగ్గడమే.

5. ముగింపు:

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక పేదల పళ్లెంలోకి వరి అన్నం మరింతగా చేరింది. తరతరాలుగా ఆకలి నెరిగిన సీమలో అది కేవలం ఆహారం కాదు, గౌరవం. అందుకే ఇక్కడ ‘తక్కువ తినండి’ అనే హితవు పాత గాయాన్ని రేపే ప్రమాదం ఉంది. తూనిక యంత్రం చూపే అంకె ఒక్కటే ప్రమాణమైతే 1877 నాటి కూలీ కూడా ‘బరువు తగ్గినవాడే’. తగినంత పోషణతో, స్వేచ్ఛగా ఎంచుకున్న నియమంతో మనిషి తన పనులు తాను సులువుగా చేసుకోగలిగినప్పుడే బరువు తగ్గడం జీవననాణ్యతగా మారుతుంది. ‘లంఖణం’ అనే మాటకు పస్తు అనే అర్థాన్ని దాటి ‘తేలికదనం’ అనే మూలార్థాన్ని తిరిగి స్ఫురింపజేయడం ఈ దిశలో తొలి అడుగు.