డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో ఉన్న క్రైస్తవ దేవాలయం. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) డోర్నకల్ అధ్యక్ష ఖండానికి ఇదే ప్రధాన దేవాలయం. 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ నాడు ప్రతిష్ఠ జరిగింది. పేరూ ఆ పండుగదే.

దీన్ని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) తిరునల్వేలి సీమకు చెందిన తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకుని తెలుగులోనే బోధించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. పల్లెపల్లెకూ ఉపదేశకుడు కావలసి వచ్చింది. అందుకే డోర్నకల్‌లో దైవశాస్త్ర పాఠశాల నడిచింది. పల్లెల నుంచి వచ్చినవారు అక్కడ చదువుకుని పాస్టర్లుగా, ఉపదేశకులుగా తిరిగి పల్లెలకే వెళ్లారు. వారి భార్యలకూ చదువు చెప్పేవారు. అక్షరం అందని ఇళ్లకు అది ఎంత పెద్ద మార్పో ఊహించవచ్చు.

అజరయ్య ఆలోచన ఈ కట్టడంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. దేవుణ్ణి ఆరాధించడానికి తెలుగువాడు ఇంగ్లండు చర్చిని అరువు తెచ్చుకోనక్కర్లేదని ఆయన నమ్మకం. అందుకే గుమ్మటాలు మసీదుల తీరులో, రాతి స్తంభాలు దక్షిణాది ఆలయాల తీరులో వచ్చాయి. తామర చెక్కడాలు, శిలువ ఒకే చోట కనిపిస్తాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్ గోతిక్ శైలిలో, 175 అడుగుల గోపురంతో నిలిచింది. ఎత్తులో, వైభవంలో మెదక్‌దే పైచేయి. ఈ నేల పోలికలు మాత్రం డోర్నకల్‌లోనే ఎక్కువ.   

1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు డోర్నకల్ అందులో చేరింది.  డోర్నకల్ దైవశాస్త్ర విద్య 1964లో రాజమండ్రిలో ఏర్పడిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలలో కలిసింది. రామాయపట్నం, కాకినాడ, లూథర్‌గిరి సెమినరీలు కూడా అందులో చేరాయి. తర్వాత ఆ కళాశాల హైదరాబాద్‌కు తరలింది.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి ఈ దేవాలయ ప్రాంగణంలోనే ఉంది.