ముంపునకు లొంగని నాటువరి

మన గోదావరి డెల్టాలోని మార్టేరు వరి పరిశోధనా స్థానము 1925లో వెలసినది. అచ్చటినుండి 1982లో వెలువడిన స్వర్ణ యను వంగడము తక్కువ యెరువుతో నిండుగా పండి, ఆంధ్రదేశమును దాటి ఒడిషా, వంగ, బీహారు ప్రాంతముల పల్లపు పొలములందు వ్యాపించెను. అయినను నాట్లు పడిన పిమ్మట వఱద వచ్చి పదిదినములు ముంచెనా, పైరు క్రుళ్లి రైతు కూలబడవలసినదే. ఈ లోపమును తీర్చినది వేఱొక వరి.

మామూలు వరి నీట మునిగినప్పుడు గాలికొఱకు పైకి సాగ యత్నించును. తనలోని పిండిపదార్థము నంతయు ఆ యెదుగుదలకే వెచ్చించి, నీరు తీయునప్పటికి నిస్సత్తువయై నేల కొరుగును. నీరు నెలలకొలది నిలుచు వంగదేశపు లోతునీటి వరులకు ఈ యుపాయము చెల్లును గాని, ఉరికి వచ్చి పోవు వఱదకు చెల్లదు. ఒడిషా కాపులు తరతరములుగా నిలుపుకొన్న ధళపుటియ యను నాటువరి, మునిగిన తోడనే యెదుగుట మాని, ఊపిరి బిగబట్టినట్లు సత్తువను దాచుకొనును. రెండు వారములకు నీరు తీసినను మరల చిగుర్చును.

దానినుండి యేరిన శుద్ధవంశమే ఎఫ్.ఆర్. 13ఏ. దిగుబడి స్వల్పము. తొలి సంకరములలో మంచి గుణముతోబాటు అక్కఱలేనివియు దిగబడెను. 1996లో ఆ గుణమునకు మూలము తొమ్మిదవ క్రోమోజోమున గుర్తింపబడెను. 2006లో జన్యువే తేలెను. ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ఎఫ్.ఆర్. 13ఏ సంతతితో స్వర్ణను సంకరించి, పుట్టిన మొక్కలను మరల మరల స్వర్ణతోనే కలుపుచు, ఆ జన్యువున్న వానినే యేరి నిలిపిరి. 2009లో మన దేశమున విడుదలయైన స్వర్ణ-సబ్ 1 ఇట్లు పుట్టినదే.

స్వర్ణ యెచ్చట పుట్టెనో అందఱు నెఱుగుదురు. ధళపుటియను కాపాడిన వారి పేరు లేవి? దిగుబడి లెక్కలే చూచినచో దానిని ఏనాడో పారవేయవలసినది. విత్తనపు గింజ నేరి, యారబెట్టి, గాదెలో దాచునది చాల యిండ్లలో ఆడువారే. వారికి చదువు లేదని మనము చిన్నచూపు చూచుచున్నాము. ఊరికి పది వంగడము లుండుట అనాగరికమని తలంచు విద్యావంతులను మేమెఱుగుదుము. వారు ఈ చరిత్రను కొంచెము చిత్తగింపవలెను.

స్వర్ణ-సబ్ 1 ఉప్పునీటికి మందు కాదు. ఆ యోర్పు కేరళ తీరపు పొక్కాలి వరిలో నున్నది. దానికి మూలమైన భాగమును మొదటి క్రోమోజోమున గుర్తించి, సంకరములందు వాడుచున్నారు. పొక్కాలి పండు పొలములు మాత్రము రొయ్యల పెంపకమునకును ఇండ్లకును చోటిచ్చుచు తఱిగిపోవుచున్నవి.