కడియాలు కరిగిన చోటు

ఆఫ్రికా కళ అనగానే గోడకు తగిలించిన కొయ్య ముఖాలే మనకు గుర్తొస్తాయి. యాభైకి పైగా దేశాలున్న ఖండాన్ని అలా చుట్టబెట్టేయడం అన్యాయం గనక, నైజీరియా ఒక్కదాన్నే పట్టుకుందాం.

అక్కడి నోక్ మట్టిబొమ్మలు రెండు వేల ఏళ్లు దాటినవి. తగరం గనులు తవ్వుతుంటే బయటపడ్డాయి. ఆ తర్వాత చెప్పుకోవలసింది ఇఫే. ఆ ఊరి శిల్పాల నైపుణ్యం చూసిన జర్మన్ పరిశోధకుడు లియో ఫ్రొబేనియస్, 1910లో వాటిని మునిగిపోయిన అట్లాంటిస్ ఖాతాలో వేశాడు. నల్లవాళ్లకు అంత పనితనం ఉంటుందని ఒప్పుకోవడం కంటే లేని ఖండాన్ని నమ్మడమే ఆయనకు తేలికైంది! 1938లో అదే ఊళ్లో ఇంటి పునాదులు తీస్తుంటే మరిన్ని లోహపు తలలు దొరికాయి.

అసలు కథ బెనిన్ నగరంలో ఉంది. 15వ శతాబ్దం చివర్లో వచ్చిన పోర్చుగీసులు కడియం ఆకారంలో ఉండే ఇత్తడి మనిల్లాలు తెచ్చారు. వాటితో మిరియాలు కొన్నారు, ఏనుగు దంతాలు కొన్నారు, మనుషుల్నీ కొన్నారు. ఆ ఇత్తడినే ఇగున్ వీధి పోతపనివాళ్లు కరిగించి, ఒబా అనే తమ రాజు కొలువుకు పలకలు పోశారు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో లోహం పోయడం వాళ్ల పద్ధతి. మన ఆదిలాబాద్ వోజులు డోక్రా బొమ్మలు పోసేదీ ఇలాగే.

1897లో బ్రిటిష్ సేన ఆ నగరాన్ని కొల్లగొట్టింది. వేల కళాఖండాలు యూరప్ చేరాయి.

వలస పాలన కాలంలో ‘ఐనా ఒనబోలు’ అనే చిత్రకారుడు తైలవర్ణ చిత్రాలు పట్టుదలగా నేర్చాడు. 1958లో జారియా కళాశాల విద్యార్థులు ఉచే ఒకెకే, బ్రూస్ ఒనోబ్రాక్‌పేయా ప్రభృతులు సంఘం కట్టి, సొంత సంప్రదాయాన్నీ కొత్త పద్ధతుల్నీ కలిపి గీస్తామన్నారు. ఇగ్బో స్త్రీలు ఒంటిమీద, గోడలమీద గీసే, ‘ఉలి’ అని పిలిచే గీతలు ఆ దారిలోనే కాగితమెక్కాయి.

ఘానాలో పుట్టి నైజీరియాలోని న్సుక్కాలో చాలాకాలం పనిచేసిన ఎల్ అనాట్సుయ్ చెత్తలో పారేసిన సారా సీసాల మూతల్ని రాగితీగతో కుట్టి, గోడంత వస్త్రాలు చేశాడు. సారా కూడా బానిస వ్యాపారంలో ఓడలెక్కిన సరుకే. 2015లో వెనిస్ బియెన్నాలే ఆయనకు జీవిత సాఫల్య బంగారు సింహం ఇచ్చింది. సంప్రదాయం ఇక్కడితో ఆగింది, ఆధునికం ఇక్కడ మొదలైంది అని గీత గీయాలని చూసేవాళ్లు ఆ మూతల పక్కన మనిల్లాలను పెట్టి చూడాలి.

ఇగున్ వీధిలో పోతపని నేటికీ ఆగలేదు. జర్మనీ 2022లో వెయ్యికి పైగా బెనిన్ కళాఖండాల మీద హక్కు వదులుకుంది. నెదర్లాండ్స్ 2025లో 119 తిరిగిచ్చింది. తొమ్మిది వందలకు పైగా దగ్గరుంచుకున్న బ్రిటిష్ మ్యూజియానికి మాత్రం 1963 నాటి చట్టం అడ్డమట.