సముద్రమధ్యమున దప్పిక

మన పురాణములు సముద్రము లేడని లెక్కించి, జంబూద్వీపమును చుట్టియున్నదానికి లవణసముద్రమని పేరు పెట్టినవి. ఆ నీటి రుచి తీరవాసులలో పసిబిడ్డలకును తెలియును. ఐనను అది కేవలము అరుచియా, లేక ప్రాణాపాయమా యను వాదము ఇరువదవ శతాబ్దమున గూడ సాగినది.

లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము లుండును. మంచినీట సాధారణముగా ఒక గ్రామైనను ఉండదు. మన రక్తపు ఉప్పదనమో, లీటరునకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటితో సమానము. అధికమైన ఉప్పును వెలుపలికి పంపు భారము మూత్రపిండములది. అవి ఉప్పును నీటిలో కరగించియే పంపగలవు. ఎంత శ్రమించినను సముద్రజలమంత ఉప్పనైన మూత్రమును మాత్రము తయారు చేయలేవు. కావున లీటరు సముద్రజలము త్రాగినవాడు, అందలి ఉప్పును వదలించుకొనుటకు లీటరుకంటె ఎక్కువ నీటిని కోల్పోవలెను. ఆ లోటు శరీరకణములలోని నీటితోనే తీరును. అప్పు తీర్చుటకు మరింత వడ్డీకి అప్పు తెచ్చినట్లు, త్రాగినకొలది దప్పిక హెచ్చును. తుదకు మతి చలించును.

ఈ సంగతిని అంకెలతో నిరూపించినది రెండవ ప్రపంచయుద్ధము. 1940-44 నడుమ మునిగిన నౌకలనుండి పడవలపైనను తెప్పలపైనను బయటపడినవారి వృత్తాంతములను మెకాన్స్, అతని సహచరులు పరిశీలించి 1956లో బ్రిటనులో ప్రకటించిరి. అట్టి ప్రయాణములు 163. సముద్రజలము త్రాగిన పడవలలో నూటికి సుమారు 39 మంది మరణింపగా, త్రాగని పడవలలో మరణించినవారు నూటికి ముగ్గురే. మంచినీరు అడుగంటినవారే ఉప్పునీటికి దిగియుందురు గదా, దోషమంతయు ఉప్పుదేనా యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని అంతటి వ్యత్యాసమును ఆ ఒక్క కారణముతో తీసివేయుట సాధ్యము కాదని మా యభిప్రాయము. ఆ యుద్ధకాలముననే 1942-43లో పూన్ లిమ్ అను చైనా నావికుడు అట్లాంటిక్ సముద్రమున 133 దినములు తెప్పపై ఒంటరిగా జీవించెను. అతనిని కాపాడినది గుడ్డలో పట్టిన వాననీరు.

ఇంతలో ఫ్రెంచి వైద్యుడు అలేన్ బొంబార్ 1952లో రబ్బరు పడవపై 65 దినములలో అట్లాంటిక్ దాటి, సముద్రజలమును కొద్దికొద్దిగా త్రాగి బ్రతుకవచ్చునని చాటెను. సాహసము మెచ్చదగినదే. కాని అతడు చేపలను పిండి ఆ రసమును త్రాగెను. వాన కురిసినప్పుడు ఆ నీరును త్రాగెను. ఒడ్డు చేరునప్పటికి 25 కిలోగ్రాములు చిక్కిపోయెను. జర్మను వైద్యుడు హానెస్ లిండెమాన్ 1955లో చెట్టుబోదెను తొలిచిన దోనెపైనను, 1956లో మడతపడవపైనను బయలుదేరి అదే సముద్రమును దాటి, బొంబార్ బోధను ఖండించెను. అంతర్జాతీయ నిబంధనలు గూడ లిండెమాన్ పక్షముననే యున్నవి: ఓడల ప్రాణరక్షక పడవలో మనిషికి 3 లీటర్ల మంచినీరు ఉండవలెను, అందొక లీటరునకు బదులుగా ఉప్పునీటిని మంచినీటిగా మార్చు సాధనము నుంచవచ్చును.