దేహలీలేపము

ఇంటి వెలిద్వారమునకు రంగు వేయుట నేటి వేడుక యని కొందఱు తలంతురు. ఆ తలంపునకు దేహలీశబ్దమే సమాధానము. దిహధాతువునకు పూయుట యను నర్థము విషదిగ్ధము, చందనదిగ్ధము మున్నగు ప్రయోగములందు ప్రసిద్ధము. దేహ మనగా లేపము. దానిని గ్రహించునది దేహలి. అదియే తెనుగున గడప. ఆ లేపము మొదట గోమయమే కావచ్చును. అయినను పూతలేని గడప లేదనుట స్పష్టము. గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టు మన యిల్లాండ్రు వ్యాకరణ మెఱుగకయే యీ యర్థమును నిలుపుచున్నారు.

వన్నెల చరిత్రకు హిందూపురము చేరువనున్న లేపాక్షి సాక్షి. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు కప్పున సున్నపుగారపై ఎఱుపు, పసుపు, నలుపు, తెలుపు వన్నెలు నేటికిని గానవచ్చుచున్నవి. జేగురు, సున్నము, మసి దేవళమునకును పేదయింటికిని సమానములే. ధర్మవరపు పట్టుచీరలో ఒడలొక వన్నె, అంచు వేఱొక వన్నె. ఇంటికి గడపయు నట్టి యంచే.

1565 నాటి రక్కసితంగడి యుద్ధము పిదప రాజధానియైన పెనుకొండ వంటి యూళ్లలో, పాతయింటి ద్వారబంధమునకు నూనెరంగు పూయువారు తొందరపడరాదు. రంగు కఱ్ఱకు రక్షయే. కాని పూతపై పూత పడినకొలది చెక్కడము పూడును. గోకివేసిన తొలిపూత మరల రాదు. కావున మఱుగైన యొక మూలను మెల్లగా పరీక్షించి, పొరల వన్నెలను వరుసగా వ్రాసికొని, ఆ మూలను విడిచి తక్కినదానికి రంగు వేయుట మేలు. ధాతువు నెఱుగక శబ్దమును దిద్దరాదు గదా!